నచ్చకముందే కొన్నవాడు

రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న హెర్మిటేజ్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ గీసిన 'నృత్యం' ఉంది. దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు. కింద పచ్చటి నేల, పైన నీలం, మధ్యలో చేతులు పట్టుకుని గిరగిరా తిరిగే ఐదు ఎర్రటి నగ్న దేహాలు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళ మీద ఏ పుస్తకం తెరిచినా ఈ బొమ్మ తగులుతుంది. దీన్ని గీయించినవాడు మాస్కోలో గుడ్డల టోకు వ్యాపారం చేసే సెర్గేయ్ షుకిన్. తన ఇంటి మెట్లదారి గోడకోసం దీనికి 15,000 ఫ్రాంకులు, జతగా 'సంగీతం' అనే మరో బొమ్మకి 12,000 ఫ్రాంకులు ఇస్తానని ఒప్పుకున్నాడు. తీరా అవి తయారై 1910లో పారిస్ ప్రదర్శనకు ఎక్కాక, చూసి వద్దన్నాడు. మాస్కో రైలెక్కాడు. ఇల్లు చేరీ చేరగానే వాటిని పంపించమని కబురు పెట్టాడు.

బాగా డబ్బున్నవాడు బొమ్మలు కొనడంలో వింతేమీ లేదు. కొందరికది హోదా, కొందరికి పెట్టుబడి, కొందరికి నిజంగానే ఇష్టం. షుకిన్ ఈ మూడింట్లో దేంట్లోనూ సరిగ్గా ఇమడడు. హోదా కోసమని అందామంటే ఆ బొమ్మలు అతన్ని ఊళ్లో నవ్వులపాలు చేశాయి. పెట్టుబడి అందామంటే, లాభానికి అమ్ముకోవడం అతని పద్ధతి కాదు. ఇక ఇష్టమంటారా, అసలు సంగతి అక్కడే ఉంది. తనకింకా నచ్చని బొమ్మల్ని అతను కొనేవాడు. ఇంటికి తెచ్చి గోడకి తగిలించి, అవి నచ్చేదాకా వాటితో కాపురం చేసేవాడు. ఆధునిక చిత్రకళ చరిత్రలో అతని స్థానాన్ని అర్థం చేసుకోవాలంటే అతని ఆస్తి లెక్కల కంటే ఈ అలవాటు ఎక్కువ పనికొస్తుంది.

షుకిన్ 1854లో పుట్టాడు. తండ్రి ఇవాన్ వసీల్యెవిచ్ మాస్కోలో స్థిరపడ్డ వర్తకుడు. తల్లి బోత్కిన్‌ల ఆడపడుచు. బోత్కిన్‌లంటే తేయాకు వ్యాపారంలో పేరుమోసిన ఇల్లు. ఆ ఇంటివాళ్లలో సాహిత్య విమర్శకుడు, చిత్రకారుడు, జార్ చక్రవర్తికి వైద్యం చేసిన డాక్టరు కూడా ఉన్నారు. అంటే బట్టల గిడ్డంగి వాసన తండ్రివైపునుంచి, పుస్తకాల వాసన తల్లివైపునుంచి వచ్చాయి. సెర్గేయ్‌ది పొట్టి ఆకారం, పైగా నత్తి. నత్తి పోగొడదామని చిన్నప్పుడు జర్మనీ పంపించారు గాని అది జీవితాంతం వదల్లేదు. అయినా అన్నదమ్ముల్లో వ్యాపారం నడపగలిగేది ఇతనే అని తండ్రికి అర్థమైంది. 1878లో 'ఐ. వి. షుకిన్ అండ్ సన్స్' కంపెనీ పెట్టారు. మిల్లుల నుంచి సరుకు ఎత్తి దేశమంతా టోకున అమ్మడం దాని పని. బజారులో సెర్గేయ్‌కి ముళ్లపంది అని పేరు పడింది.

అన్నదమ్ములందరికీ ఏదో ఒకటి పోగుచేసే జబ్బు ఉండేది. ప్యోత్ర్ పాత రష్యన్ వస్తువులు, దస్తావేజులు సేకరించి మొత్తం హిస్టారికల్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ద్మిత్రీ పాత ఐరోపా చిత్రాలు కొన్నాడు. పారిస్‌లో కాపురమున్న ఇవాన్ స్పానిష్ చిత్రాల పిచ్చిలో పడి అప్పులపాలయ్యాడు. ఇది ఒక్క ఇంటి కథ కూడా కాదు. 1861లో బానిస రైతుల వ్యవస్థ రద్దయ్యాక మాస్కోలో వర్తకుల చేతికి డబ్బొచ్చింది, గౌరవం మాత్రం రాలేదు. కులీనుల దృష్టిలో వీళ్లు గజంబద్దలు పట్టుకునే మనుషులే. ఆ వర్తకుల్లోనే పావెల్ త్రెత్యకోవ్ రష్యన్ చిత్రాల గ్యాలరీ కట్టి 1892లో మాస్కో నగరానికి దానమిచ్చాడు. రైళ్ల వ్యాపారి మామొంతొవ్ తన పల్లె బంగళాలో చిత్రకారులకు ఆశ్రయమిచ్చాడు. నాటకరంగాన్ని మార్చేసిన స్టానిస్లావ్‌స్కీ కూడా జరీ దారం తయారుచేసే కుటుంబం నుంచి వచ్చినవాడే. కాబట్టి షుకిన్ బొమ్మలు కొనడం మాస్కోకి కొత్త కాదు. ఎలాంటి బొమ్మలు కొన్నాడన్నదే కొత్త.

1882లో తండ్రి జ్నామెన్‌స్కీ సందులో త్రుబెత్స్‌కోయ్ రాజకుమారుల పాత భవంతి కొని అతనికిచ్చాడు. నగిషీల పైకప్పులు, పెద్ద పెద్ద హాళ్లు. ఆ ఇంట్లోకి 1898 ప్రాంతంలో మొట్టమొదట ఫ్రెంచి చిత్రకారుడు మొనే బొమ్మలు వచ్చాయి. పారిస్ డీలరు ద్యూరాన్ రుయెల్ దగ్గర కొన్న ఆ మొదటి బొమ్మల్లో 'ఎండలో లిలాక్ పూలు' ఒకటి. రష్యాలోకి వచ్చిన మొదటి మొనేల్లో అదొకటి. తర్వాత మొనేల సంఖ్య 13కి చేరింది. అప్పటికి ఇంప్రెషనిస్టులు, అంటే మొనేలాగా కదిలే వెలుగును గీసేవాళ్లు, పారిస్‌లో పాతబడుతున్నారు, ధరలు కూడా పెరిగాయి. ఆ దశలో షుకిన్ మంచి అభిరుచి ఉన్న ధనవంతుడు, అంతకుమించి ఏమీ కాదు. ఇక్కడితో ఆగిపోయి ఉంటే అతని గురించి ఇవాళ ఇంత రాయాల్సిన పనిలేదు.

మలుపు మరో ఫ్రెంచి చిత్రకారుడు గోగాన్‌తో వచ్చింది. పసిఫిక్ దీవి తహితీలోని స్త్రీలు, పసుపు, గులాబి, ముదురు నీలం పరుచుకున్న ఆ చిత్రాలు మాస్కో కంటికి రంగులు కలపడం రానివాడి పనిలా కనిపించాయి. ఒక స్నేహితుడికి గోగాన్ బొమ్మని చూపిస్తూ నత్తిగా, "పిచ్చివాడు గీశాడు, పిచ్చివాడు కొన్నాడు" అన్నాడని చెప్పుకుంటారు. ఈ మాటని సాధారణంగా హాస్యంగా తీసుకుంటారు. అందులో సిగ్గు కూడా ఉంది. ఎదుటివాడు అనబోయే మాటని ముందే తనే అనేసుకోవడం అది. అయినా కొనడం ఆపలేదు. మొత్తం 16 గోగాన్‌లు పోగయ్యాయి. వాటిని భోజనశాలలో ఒకదాని అంచుకి ఇంకోటి తగిలేలా, గోడ నిండేట్టు వేలాడదీశాడు. అది రష్యన్ చర్చిల్లో గర్భాలయం ముందు వరుసలు వరుసలుగా పేర్చిన ఐకాన్ల గోడలా ఉందని అప్పటి విమర్శకుడు యాకొవ్ తుగెన్‌హోల్డ్ రాశాడు. మాస్కోలో పుట్టి పెరిగిన కంటికి బంగారు పసుపూ, ఎరుపూ, చదునైన ఆకారాలూ కొత్త కాదు. చర్చిలో చూసినప్పుడు భక్తి, కాన్వాసు మీద చూసినప్పుడు వెక్కిరింత. షుకిన్ ఆ రెంటినీ ఒక గోడ మీదికి తెచ్చాడు.

ఇదే సమయంలో ఇంట్లో వరసగా చావులు. 1905 చివర్లో పదిహేడేళ్ల కొడుకు సెర్గేయ్ కనిపించకుండా పోయాడు. మరుసటి ఏడాది వసంతంలో శవం నదిలో దొరికింది. 1907 జనవరిలో భార్య లిదియా జబ్బుచేసి పోయింది. 1908లో పారిస్‌లో తమ్ముడు ఇవాన్, 1910లో పుట్టుచెవుడున్న కొడుకు గ్రిగోరీ ఆత్మహత్య చేసుకున్నారు. భార్య పోయిన కొద్దిరోజులకే షుకిన్ వీలునామా రాశాడు. బొమ్మలన్నీ త్రెత్యకోవ్ గ్యాలరీ ద్వారా మాస్కో నగరానికి చెందాలన్నది దాని సారాంశం. ఆ ఏడే ఒంటెల మీద సైనాయ్ ఎడారి దాటి సెయింట్ కేథరిన్ మఠానికి వెళ్లి వచ్చాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర సంస్థ కట్టడానికి డబ్బిచ్చి దానికి లిదియా పేరు పెట్టించాడు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

దుఃఖం మరిచిపోవడానికే అతను బొమ్మలమీద పడ్డాడని చాలామంది రాస్తారు. ఇది సగం నిజమే అయ్యుండాలి. మొనేలు, గోగాన్‌లలో చాలావరకు ఈ చావులకు ముందే మొదలయ్యాయి. పైగా దుఃఖంలో ఉన్నవాడు ఊరట వెతుక్కుంటాడు. షుకిన్ ఆ తర్వాత కొన్నవి ఊరటనిచ్చే బొమ్మలు కావు. దుఃఖం చేసిన పని బహుశా వేరు. జనం ఏమనుకుంటారో అన్న భయాన్ని చాలావరకు తుడిచేసింది. పూర్తిగా కాదు, 'నృత్యం' విషయంలో ఆ భయం మళ్ళీ తల ఎత్తింది.

మతీస్‌తో పరిచయం 1906లో. అప్పటికి మతీస్‌ని పారిస్ విమర్శకులు అడవిమృగం కింద జమకట్టారు, కొనేవాళ్లు వేళ్లమీద లెక్కించదగ్గంత మంది. వీళ్లిద్దరి మధ్య కుదిరిన జతకి ఒక కారణం గుడ్డ. మతీస్ పెరిగిన బొహాఁ ఊరు ఫ్రాన్స్ ఉత్తరాన నేతగాళ్ల ఊరు. పట్టు, శాలువా, అద్దకపు గుడ్డ అతని కంటికి అక్షరాభ్యాసం. షుకిన్‌కి అద్దకపు బట్టలో ఏ రంగు పక్కన ఏ రంగు నిలబడుతుందో, ఏ పూవు ఎంత దూరంలో మళ్ళీ రావాలో చూడగానే చెప్పగలగడం బతుకుతెరువు. చిత్రలేఖనం అంటే లోతు, నీడ, మాంసం ఉండాలని అకాడమీలు పట్టుబడుతున్న రోజుల్లో, చదునైన ఉపరితలం మీద రంగూ డిజైనూ మాత్రమే చాలవచ్చన్న సంగతి చిత్రకళ చదువుకున్నవాళ్ల కంటే ఒక గుడ్డల వర్తకుడికి తేలిగ్గా అర్థం కావడంలో ఆశ్చర్యం లేదు.

'ఎర్ర గది' సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 1908లో భోజనశాల కోసమని షుకిన్ తీసుకున్న బొమ్మ నీలం రంగుది. ఇవ్వబోయే ముందు మతీస్ దాన్నంతా ఎర్రగా మార్చేశాడు. బల్లమీది గుడ్డ, వెనక గోడ రెండూ ఒకే ఎరుపు, రెండింటి మీదా ఒకే నీలపు తీగ డిజైను. ఆ డిజైను మతీస్ దగ్గరున్న ఒక గుడ్డముక్క మీదిది. ఆర్డరిచ్చిన రంగు రాకపోతే సరుకు వెనక్కి పంపడం టోకు వ్యాపారి మొదటి నియమం. షుకిన్ ఆ ఎర్ర బొమ్మని మారుమాట లేకుండా తీసుకున్నాడు.

ఇక 'నృత్యం'. 1909 మార్చిలో చిత్తుబొమ్మ చూసినప్పుడే చిక్కు వచ్చింది. తాను చేరదీసిన చిన్నపిల్లలు ఇంట్లో ఉన్నారని, రష్యాలాంటి చోట మెట్లదారిలో నగ్న చిత్రాలు పెట్టలేనని షుకిన్ మొదట రాశాడు. వెంటనే మనసు మార్చుకుని, బొమ్మలో ఎంత ఉదాత్తత ఉందంటే మా ఊరి పెద్దమనుషుల మాటలు పడడానికైనా సిద్ధమని ఇంకో ఉత్తరం రాశాడు. ఏడాదిన్నర తర్వాత రెండు బొమ్మలూ పారిస్ శరత్కాల ప్రదర్శనలో వేలాడాయి. పత్రికలు ఏకిపెట్టాయి. షుకిన్ పారిస్ వచ్చి చూశాడు. అదే సమయంలో ఒక డీలరు చాలా మర్యాదస్తుడైన పాతతరం చిత్రకారుడు ప్యువీ ద షవాన్ గీసిన పెద్ద బొమ్మ చూపించాడు. మతీస్‌వి వదిలేసి షుకిన్ దానివైపు మొగ్గాడు.

మాస్కోకి రైలు ప్రయాణం రెండు పగళ్లు, రెండు రాత్రులు. ఇల్లు చేరాక మతీస్‌కి రాసిన ఉత్తరంలో దారి పొడుగునా ఆలోచించానని, తన పిరికితనానికి సిగ్గుపడుతున్నానని, పోరాడకుండానే యుద్ధరంగం వదిలి పోకూడదని చెప్పుకున్నాడు. బొమ్మలు వచ్చి గోడకెక్కాక రాసిన మరో ఉత్తరం ఇంకా విలువైనది. బొమ్మలు ఆసక్తికరంగా ఉన్నాయని, ఏదో ఒకనాడు వాటిని ప్రేమించగలనని ఆశిస్తున్నానని, జనం నీకు ఎదురుగా ఉన్నా భవిష్యత్తు నీదేనని అందులో రాశాడు. ప్రేమిస్తున్నానని రాయలేదు. డబ్బు పూర్తిగా చెల్లించి, ఊరంతా చూసేచోట వేలాడదీసి, అప్పుడు కూడా నాకింకా నచ్చలేదని గీసినవాడికే చెప్పుకున్న పోషకుడు అరుదు. అలాగని అతన్ని వీరుణ్ని చేయనక్కర్లేదు. 'సంగీతం'లో వేణువు ఊదేవాడి మర్మాంగం మీద ఎర్రరంగు పూయించింది కూడా ఇతనే. చాలాకాలం తర్వాత హెర్మిటేజ్ నిపుణులు ఆ పూతని తీసేశారు.

ఈ పద్ధతికి మూలం వ్యాపారంలో ఉందనిపిస్తుంది. 1905 విప్లవం రోజుల్లో, దేశమంతా సమ్మెలు జరుగుతుంటే మాస్కో వర్తకులు భయపడి సరుకు తెగనమ్ముకున్నారు. షుకిన్ ఎదురెళ్లి మార్కెట్లో ఉన్న బట్టంతా కొనేశాడు. అల్లర్లు అణగారాక ధరలు లేచాయి, అతని సంపద ఒక్కసారిగా పెరిగింది. అందరూ పారిపోతున్న దిక్కున విలువ ఉంటుందన్న పాఠం అతను గిడ్డంగిలో నేర్చాడు. అయితే ఈ పోలికని మరీ సాగదీయకూడదు. బట్ట విషయంలో తను కరెక్టా కాదా అన్నది ఆర్నెల్లలో తేలిపోతుంది. బొమ్మ విషయంలో అలా తేల్చిచెప్పే బజారు లేదు. తేల్చుకోవడానికి అతని దగ్గరున్న ఒకే ఒక్క సాధనం తన సొంత అసౌకర్యం. ఏ బొమ్మ చూస్తే ఒళ్లు జలదరిస్తుందో దాన్ని వదలకూడదన్నది అతని లెక్క.

ఆ లెక్కకు అసలు పరీక్ష పికాసో. 1908 ప్రాంతంలో మతీసే అతన్ని పికాసో దగ్గరికి తీసుకెళ్లాడు. ఆకారాల్ని కోణాలుగా, ముక్కలుగా విరగ్గొట్టి గీసే క్యూబిజం పద్ధతిలో తను కొన్న మొదటి బొమ్మ గురించి షుకిన్ చెప్పుకున్న మాట ఒకటి ప్రచారంలో ఉంది: నోట్లో పగిలిన గాజుముక్కలు కుక్కుకున్నట్టు అనిపించిందని. దాన్ని తన మిగతా బొమ్మల మధ్య పెట్టలేక, రోజూ తప్పనిసరిగా నడిచే దారిలో వేలాడదీశాడు. వస్తూ పోతూ దాన్ని చూడక తప్పదు. కొన్నాళ్లకి అది లేకుండా ఉండలేననిపించింది, మిగతావే చప్పగా కనిపించాయి. 1914కల్లా ఇంట్లో 50 పికాసోలు. మతీస్‌లు 37. మతీస్‌వి గులాబి రంగు డ్రాయింగ్ రూములో వెలుగులో ఉంటే, పికాసోలు ఒక చిన్న గదిలో కిక్కిరిసి ఉండేవి. కళ్లకు పండగ ఒకచోట, తలనొప్పి ఒకచోట. పికాసో గురించి ఎవరైనా వాదనకు దిగితే, బహుశా అతనే కరెక్టు, నేను కాదు అనేవాడట షుకిన్.

ఇదే మాస్కోలో మరో బట్టల కోటీశ్వరుడు ఇవాన్ మొరొజోవ్ కూడా ఫ్రెంచి చిత్రాలే కొనేవాడు. ఇద్దరికీ తేడా మతీస్ ఒకసారి చెప్పాడు. డీలర్ వొల్లార్ దుకాణానికి వెళ్తే, మొరొజోవ్ ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ బొమ్మ మంచిదొకటి చూపించమనేవాడు. షుకిన్ ఉన్న సెజాన్‌లన్నీ చూపించమని అందులోంచి తనే ఏరుకునేవాడు. మొరొజోవ్ నాణ్యత చూసి నింపాదిగా కొన్నాడు, అతని సెజాన్‌లు షుకిన్ సెజాన్‌ల కంటే మిన్న అంటే ఒప్పుకోవాల్సిందే. కాని మొరొజోవ్ ఇంటి తలుపులు కొద్దిమందికే తెరుచుకునేవి. షుకిన్ తలుపులు ఆదివారాల్లో తెరిచి ఉండేవి. చరిత్రను మార్చింది ఆ ఆదివారాలు.

సుమారు 1909 నుంచి ఎవరైనా వచ్చి చూడొచ్చు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఊరికే నవ్వుకోవడానికి వచ్చేవాళ్లు. షుకిన్ తనే వెంటుండి, నత్తితోనే ఉత్సాహంగా ఒక్కో బొమ్మ గురించి చెప్పుకుంటూ పోయేవాడు. మాస్కో చిత్రకళా పాఠశాల కుర్రాళ్లు ఇక్కడ చూసి వెళ్లి సోమవారం తరగతిలో మాస్టర్లతో గొడవపడేవాళ్లు. పారిస్‌లో కూడా ఇన్ని మతీస్‌లు, ఇన్ని పికాసోలు ఒకే కప్పు కింద జనానికి కనిపించే చోటు అప్పట్లో లేదు. ఫ్రెంచి మ్యూజియాలు ఇంకా వీటి జోలికే పోలేదు. కాబట్టి 1912లో క్యూబిజం గురించి తెలుసుకోవాలనుకున్న బీద విద్యార్థికి పారిస్ టికెట్టు కంటే జ్నామెన్‌స్కీ సందే మెరుగు. రష్యన్ యువ చిత్రకారులు లారియొనొవ్, గొంచరోవా, తాత్లిన్, మలేవిచ్ అందరూ ఈ బొమ్మలు చూసినవాళ్లే. 1915 డిసెంబరులో మలేవిచ్ పెట్రోగ్రాడ్‌లో (పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు) తెల్లటి నేపథ్యం మీద ఒక నల్ల చదరం మాత్రమే ఉన్న 'నల్ల చతురస్రం' వేలాడదీశాడు.

షుకిన్ ఇల్లు లేకపోతే రష్యన్ అవాంగార్డ్, అంటే పాత పద్ధతుల్ని తెంచుకున్న ఈ కొత్తతరం చిత్రకళ, లేదు అని తేల్చేయడం మాత్రం అతి. పత్రికల్లో ఫొటోలు వచ్చేవి, 1908లో 'గోల్డెన్ ఫ్లీస్' పత్రిక ఫ్రెంచి చిత్రాల ప్రదర్శన పెట్టింది, ఐకాన్లు, పల్లెటూరి చెక్క అచ్చుబొమ్మలు ఆ యువకుల కళ్లెదుటే ఉన్నాయి. వాళ్లు పారిస్‌ని ఎంత నేర్చుకున్నారో అంత ధిక్కరించారు కూడా. ఐతే ఫొటోకీ అసలు బొమ్మకీ తేడా తెలిసినవాళ్లకి, 260 సెంటీమీటర్ల ఎత్తున్న ఎర్రదేహాల ముందు నిలబడ్డం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 1911లో మతీస్ స్వయంగా మాస్కో వచ్చి తన బొమ్మల్ని తనే సర్దిపెట్టాడు. ఆ ప్రయాణంలో ఐకాన్లు చూసి ముగ్ధుడై, చిత్రకారులు నేర్చుకోవడానికి ఇక్కడికి రావాలన్నట్టు మాట్లాడాడు. అదీ షుకిన్ దయవల్ల జరిగిందే.

మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో 1914లో కొనుగోళ్లు ఆగిపోయాయి. 1917 విప్లవంతో అధికారం లెనిన్ బోల్షెవిక్‌ల చేతికి వెళ్లింది. మరుసటి ఏడాది, 1918 ఆగస్టులో, షుకిన్ మాస్కో వదిలి జర్మనీ మీదుగా ఫ్రాన్స్ చేరాడు. బొమ్మలు గోడలమీదే ఉండిపోయాయి. ఆ అక్టోబరు 29న లెనిన్ సంతకంతో షుకిన్ గ్యాలరీ జాతీయమైంది. రెండువందల యాభైకి పైగా బొమ్మలు. డిసెంబరులో మొరొజోవ్ వంతు. కొన్నాళ్లు షుకిన్ కూతురు యెకతెరీనాయే పుట్టింటి మ్యూజియానికి సంరక్షకురాలిగా ఉండి, తర్వాత ఆమె కూడా దేశం విడిచింది. ఇక్కడో చిక్కుముడి ఉంది. షుకిన్ ఎలాగూ నగరానికే ఇవ్వదలిచాడు, ప్రభుత్వం తీసుకున్నదీ ప్రజల పేరుతోనే. ఫలితం చూస్తే ఒకటే. కాని ఇవ్వడం వేరు, లాక్కోవడం వేరు. ఇచ్చేవాడు షరతు పెట్టగలడు. బొమ్మలు ఒకచోటే ఉండాలని, అమ్మకూడదని, దాచకూడదని అడగగలడు. షుకిన్‌కి ఆ అవకాశం పోయింది, ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ఆ మూడింటికీ ముప్పు వచ్చింది.

1923లో రెండు సేకరణల్నీ ఒకే సంస్థ కిందికి తెచ్చి, 1928 ప్రాంతంలో మొరొజోవ్ భవంతిలోకి చేర్చారు. అదే నవీన పాశ్చాత్య కళా మ్యూజియం. విదేశీ డబ్బు కోసం 1933లో మొరొజోవ్ కొన్న వాన్ గో 'రాత్రి కఫే'ని, ఒక సెజాన్‌ని ప్రభుత్వం అమెరికా కొనుగోలుదారుకి అమ్మేసింది. 1948 మార్చిలో స్టాలిన్ సంతకంతో మ్యూజియాన్నే రద్దుచేశారు. బూర్జువా కళ, రూపానికే విలువిచ్చే రూపవాద కళ ప్రజలకు హానికరమట. బొమ్మల్ని మాస్కోలోని పుష్కిన్ మ్యూజియం, లెనిన్‌గ్రాడ్‌లోని (అప్పటి పీటర్స్‌బర్గ్) హెర్మిటేజ్ పంచుకున్నాయి. మాస్కోవాళ్లు పెద్ద సైజు మతీస్‌లను, మొరటు పికాసోలను తీసుకోవడానికి జంకారు. హెర్మిటేజ్ తెగించి తీసుకుంది. 'నృత్యం', 'సంగీతం', 'ఎర్ర గది' ఈనాడు పీటర్స్‌బర్గ్‌లో ఉండడానికి కారణం అది. స్టాలిన్ చనిపోయేదాకా అవి ఎవరికీ కనిపించలేదు. ఒకే గోడమీద అంచుకి అంచు తగిలేలా వేలాడిన గోగాన్‌లు రెండు ఊళ్లకి చీలిపోయాయి.

షుకిన్ 1936 జనవరిలో పారిస్‌లో చనిపోయాడు. విదేశాల్లో ముందే దాచిన డబ్బు కొంత ఉండడంతో పూటకి గడవని దశ రాలేదు, కాని మునుపటిలా బొమ్మలు కొనలేదు. సోవియట్ ప్రభుత్వం మీద దావా వేస్తావా అని అడిగితే, నాకోసం మాత్రమే కాదు, నా దేశం కోసం, నా ప్రజల కోసం పోగుచేశాను, అవి అక్కడే ఉండాలి అన్నాడని తోటి మాస్కో వర్తకుడు బురిష్కిన్ జ్ఞాపకాల్లో రాశాడు. కూతురు ఇరీనా అలా అనుకోలేదు. 1954లో పారిస్‌లో పికాసో ప్రదర్శనకి సోవియట్లు బొమ్మలు పంపితే కోర్టుకెక్కింది. వాళ్లు బొమ్మలు సర్దుకుని వెళ్లిపోయారు. 1993లో మతీస్ ప్రదర్శనప్పుడు మళ్ళీ వేసింది. బొమ్మలు చేతికి రాలేదు, కాని ఆ కేసుల ఫలితం వేరే రూపంలో కనిపించింది. 2008లో లండన్ రాయల్ అకాడమీకి ఈ బొమ్మలు పంపడానికి రష్యా జంకితే, అప్పుతెచ్చిన కళాఖండాల్ని కోర్టులు జప్తు చేయకుండా కాపాడే చట్టాన్ని బ్రిటన్ హడావిడిగా అమల్లోకి తెచ్చింది. ఆ తర్వాతే 'నృత్యం' లండన్ చేరింది.

2016లో పారిస్‌లోని లూయీ విట్టాన్ ఫౌండేషన్ షుకిన్ సేకరణలోంచి 130 బొమ్మల్ని ఒకచోట చేర్చింది. పన్నెండు లక్షలమందికి పైగా చూశారు. అతని మనవడు ఆ ప్రదర్శనకి సహకరించాడు. కుటుంబం కోరింది బొమ్మలు తిరిగివ్వడం కంటే ఎక్కువగా పేరు చెప్పడం. ఎందుకంటే సోవియట్ కాలంలో చాలా ఏళ్లపాటు ఈ బొమ్మల పక్కన కొన్నవాడి పేరే లేదు. హెర్మిటేజ్ 2014లో జనరల్ స్టాఫ్ భవనంలో ఫ్రెంచి చిత్రాలకి కొత్త గదులు తెరిచినప్పుడు షుకిన్, మొరొజోవ్‌ల పేరు పెట్టింది.

ఇక మిగిలిన తగవు రెండు రష్యన్ మ్యూజియాల మధ్యది. 2013 ఏప్రిల్‌లో, అధ్యక్షుడు పుతిన్ ప్రజల ప్రశ్నలకి టీవీలో జవాబులిస్తున్నప్పుడు, పుష్కిన్ మ్యూజియాన్ని అర్ధశతాబ్దం పైగా నడిపిన ఇరీనా ఆంతొనొవా, 1948లో మూసేసిన మ్యూజియాన్ని మాస్కోలో మళ్ళీ తెరవాలని, హెర్మిటేజ్‌లోని బొమ్మలు వెనక్కి ఇప్పించాలని అడిగింది. హెర్మిటేజ్ డైరెక్టరు పియొత్రొవ్‌స్కీ కుదరదన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, కొద్ది నెలల్లోనే ఆంతొనొవా పదవి మారింది. న్యాయం చూస్తే ఆమె వైపు బలం ఉంది: 1907 వీలునామాలో ఉన్నది మాస్కో నగరం పేరు. అయితే 1948లో ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని బొమ్మల్ని తీసుకుని దాచిన మ్యూజియం నుంచి, అవి విలువైనవని లోకమంతా ఒప్పుకున్నాక అడగడం షుకిన్ పద్ధతికి సరిగ్గా వ్యతిరేకం. హెర్మిటేజ్ ఆ రోజు కొన్నది కాదు గాని, అతనిలాగే ఎదురెళ్లి తీసుకుంది. జ్నామెన్‌స్కీ సందులోని అసలు ఇల్లు మాత్రం రక్షణ శాఖ చేతిలో ఉంది, అక్కడ ఆదివారాలు ఎవరినీ లోపలికి రానివ్వరు.